ఢీకొంటున్న గెలాక్సీల్లో జంట క్వేజార్లని ఎక్స్-రే డేటాలో పట్టుకోవడం ఎలా

ముందే చెప్పేస్తున్నా, ఎక్స్-రే బొమ్మలో పక్కపక్కన రెండు చుక్కలు కనబడ్డాయంటే రెండు క్వేజార్లు (గెలాక్సీ నడిమధ్యలో గ్యాస్ మింగుతూ విపరీతంగా వెలిగే పెద్ద బ్లాక్ హోళ్ళు) దొరికేసినట్టు కాదు. ఈ పనిలో సగానికి పైగా టైమ్ ఆ రెండో చుక్క ఏది కాదో తేల్చుకోవడానికే పోతుంది, అందుకే ఈ గైడ్‌లో కూడా సాఫ్ట్‌వేర్ బటన్ల గురించి తక్కువ, అనుమానాల గురించి ఎక్కువ ఉంటుంది. కావాల్సినవి ఒక లాప్‌టాప్, ఇంటర్నెట్, కాస్త పైథాన్, చాలా ఓపిక. డేటా ఫ్రీ, సాఫ్ట్‌వేర్ కూడా ఫ్రీనే.

ఎక్స్-రేలే ఎందుకు అంటే, రెండు గెలాక్సీలు ఒకదాన్నొకటి లాక్కుంటున్నప్పుడు వాటిలోని గ్యాస్ తిరుగుడు వేగం పోగొట్టుకుని నడిమధ్యకి జారిపోతుంది, అక్కడున్న బ్లాక్ హోల్‌కి మేత దొరుకుతుంది, కానీ అదే గ్యాసు, దుమ్ము దాని చుట్టూ మందంగా కమ్మేస్తాయి. మామూలు వెలుగు ఆ దుమ్ములోనే ఆగిపోతుంది, ఎక్కువ ఎనర్జీ ఉన్న ఎక్స్-రేలు మాత్రం చాలావరకు దాటుకుని వచ్చేస్తాయి. దగ్గర్లోని గెలాక్సీల మీద 2017, 2018లో వచ్చిన స్టడీలు చూస్తే మెర్జర్ (రెండు గెలాక్సీలు కలిసిపోవడం) ఆఖరి దశకి వచ్చిన వాటిల్లోనే ఈ కప్పు బాగా ఎక్కువ, అంటే బ్లాక్ హోళ్ళు గట్టిగా తింటున్న టైమ్‌లోనే మనకి కనబడకుండా దాక్కుంటున్నాయన్నమాట. దూరం పెరిగితే ఇంకో లాభం కూడా ఉంది, రెడ్‌షిఫ్ట్ (విశ్వం సాగడం వల్ల వెలుగు ఎనర్జీ ఎంత తగ్గిందో చెప్పే లెక్క, అది ఎంత ఎక్కువైతే అంత దూరం) 2 దగ్గరున్న క్వేజార్ నుంచి మనం 7 కేఈవీ (కిలో ఎలక్ట్రాన్ వోల్ట్) దగ్గర పట్టుకున్న ఫోటాన్ అక్కడ బయల్దేరినప్పుడు 21 కేఈవీ, అంటే కప్పుని ఈజీగా చీల్చుకొచ్చే రకం. ఈ లాభానికి ఒక నష్టం కూడా ఉంది, ఫిట్టింగ్ దగ్గర చెప్తా.

ఏ టెలిస్కోప్ డేటా తీసుకోవాలి

జంటని విడదీసి చూడాలంటే నాసా వాళ్ళ చంద్ర ఎక్స్-రే టెలిస్కోప్ ఒక్కటే, ఇందులో పెద్దగా చర్చ లేదు. 1999 జులై 23న కొలంబియా షటిల్‌లో వెళ్ళింది, ఇప్పటికీ దాని చూపు పదునుకి దగ్గరగా వచ్చిన ఎక్స్-రే టెలిస్కోప్ ఇంకోటి లేదు, నడిమధ్యలో సుమారు అర ఆర్క్‌సెకండ్ (డిగ్రీలో 60వ వంతు ఆర్క్‌మినిట్, 3600వ వంతు ఆర్క్‌సెకండ్). అదే ఏడాది డిసెంబర్ 10న వెళ్ళిన ఎక్స్ఎంఎం-న్యూటన్ ఫోటాన్లు చాలా ఎక్కువ పడుతుంది కానీ ఒక చుక్క నుంచి వచ్చిన ఫోటాన్లలో సగం దాకా 15 ఆర్క్‌సెకండ్ల వెడల్పున పరిచేస్తుంది. 2012లో వెళ్ళిన న్యూస్టార్‌కి ఇది దాదాపు ఒక ఆర్క్‌మినిట్. రెడ్‌షిఫ్ట్ 2 దగ్గర 1 ఆర్క్‌సెకండ్ అంటేనే సుమారు 8.5 కిలోపార్సెక్‌లు, అంటే ఇంచుమించు 27,000 కాంతి సంవత్సరాలు, కాబట్టి ఆ రెండు టెలిస్కోపుల్లో మీ రెండు గెలాక్సీలూ కలిసి ఒకే ముద్ద. అలా అని వాటిని పక్కన పడేయకండి, రెండింటి మొత్తం స్పెక్ట్రం ఎలా ఉందో, 10 కేఈవీ పైన ఏం జరుగుతోందో చూడ్డానికి అవే గతి.

చంద్రలో కూడా ఒక మెలిక ఉంది. ఆ పదును బొమ్మ మధ్యలోనే. టార్గెట్ మధ్య నుంచి 2 ఆర్క్‌మినిట్లు దాటి పక్కకి పోయిందంటే చుక్క సాగిపోవడం మొదలవుతుంది, 10 ఆర్క్‌మినిట్ల దగ్గర అది చాలా ఆర్క్‌సెకండ్ల గుడ్డు ఆకారం. ఆర్కైవ్‌లో వెతికేటప్పుడు మీ గెలాక్సీ పేరు కొట్టగానే పది అబ్జర్వేషన్లు వచ్చాయని సంబరపడిపోకుండా వాటిలో మీ టార్గెట్ అసలు ఎక్కడ పడిందో చూసుకోండి.

దూరానివి ముట్టుకునే ముందు ఎన్‌జీసీ 6240

నా సలహా, ఎవరైనా సరే మొదట ఎన్‌జీసీ 6240 మీద చేయి తిప్పుకోండి. సుమారు 40 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న మెర్జర్ ఇది, ఇందులో రెండు బ్లాక్ హోళ్ళూ ఒకేసారి తింటున్నాయని స్టెఫానీ కొమోసా టీమ్ చంద్ర డేటాతోనే చెప్పింది, 2002లో ప్రకటించారు. ఆ డేటా ఆబ్స్‌ఐడీ (ఆర్కైవ్‌లో ఒక్కో అబ్జర్వేషన్‌కి ఉండే నంబర్) 1590. జవాబు ముందే తెలిసిన లెక్క కాబట్టి మీరు తప్పు దారిలో పోతే వెంటనే తెలిసిపోతుంది.

చంద్ర డేటా కోసం ఉన్న సీఐఏఓ అనే ప్యాకేజీ కోండా అనే ఇన్‌స్టాలర్‌తో ఇన్‌స్టాల్ చేసుకోండి, దాంతోపాటే క్యాలిబ్రేషన్ డేటాబేస్ కూడా, అది పెద్ద ఫైల్, ఓ పక్క దిగుతూ ఉంటుంది. లినక్స్, మ్యాక్‌లో నేరుగా నడుస్తుంది, విండోస్ వాళ్ళు డబ్ల్యూఎస్ఎల్ (విండోస్‌లోనే లినక్స్ నడిపే ఏర్పాటు) పెట్టుకోవాలి. తర్వాత డౌన్‌లోడ్_చంద్రా_ఆబ్స్‌ఐడీ అనే కమాండ్‌కి 1590 ఇస్తే ఫోల్డర్ వచ్చేస్తుంది, దాని మీద చంద్రా_రీప్రో నడిపితే తాజా క్యాలిబ్రేషన్‌తో కొత్త ఈవెంట్ ఫైల్ తయారవుతుంది. ఈ స్టెప్ ఎగ్గొట్టి ఆర్కైవ్‌లో వచ్చిన పాత ఫైల్‌తోనే కానిచ్చేద్దాం అనుకోవద్దు, ఎడ్సర్ అనే సబ్-పిక్సెల్ సవరణ ఇక్కడే జరుగుతుంది, మనకి అసలు కావాల్సిందే అది.

ఈవెంట్ ఫైల్ అంటే బొమ్మ కాదని గుర్తుంచుకోండి, అదొక టేబుల్, ఒక్కో వరసా ఒక్కో ఫోటాన్, అది ఎక్కడ పడింది, ఎప్పుడు పడింది, ఎంత ఎనర్జీ. డీఎస్9 అనే బొమ్మలు చూసే ప్రోగ్రాంలో తెరిచాక అలాగే చూస్తే ఎన్‌జీసీ 6240 ఒక అల్లిబిల్లి మబ్బులా కనబడుతుంది, అదంతా నక్షత్రాల పుట్టుక వల్ల వేడెక్కిన గ్యాస్. ఇప్పుడు ఎనర్జీ ఫిల్టర్ పెట్టి 0.5 నుంచి 2 కేఈవీ ఒక బొమ్మ, 2 నుంచి 7 ఒక బొమ్మ తీయండి, పిక్సెల్‌ని నాలుగో వంతుకో ఎనిమిదో వంతుకో చిన్నది చేసి చూడండి. మొదటిదాంట్లో మబ్బే మబ్బు, రెండోదాంట్లో మబ్బు చాలావరకు తప్పుకుని రెండు ముద్దలు బయటపడతాయి, దక్షిణం వైపుది ఎక్కువ వెలుగు, వాటి మధ్య దూరం సుమారు ఒకటిన్నర ఆర్క్‌సెకండ్. ఇంకొక్క బొమ్మ, 6 నుంచి 6.5 కేఈవీ మధ్య మాత్రమే తీయండి, ఎందుకంటే చల్లటి ఇనుము ఇచ్చే 6.4 కేఈవీ లైన్ ఈ గెలాక్సీ రెడ్‌షిఫ్ట్ 0.0245 వల్ల మనకి 6.25 దగ్గర పడుతుంది. ఆ లైన్ రెండు చోట్లా ఉంది. బ్లాక్ హోల్ చుట్టూ ఉన్న మందపాటి పదార్థం మీద ఎక్స్-రేలు పడి వెనక్కి కొడితే వచ్చే గుర్తు అది, మామూలు నక్షత్రాల గుంపుకి అంత బలంగా రాదు. అప్పట్లో ఈ కేసు గెలిచింది చుక్కల వల్ల కాదు, ఈ లైన్ వల్ల.

ఇక దూరానివి

ఎన్‌జీసీ 6240 చేతికి వచ్చాక ఇంకో రెండు ఉదాహరణలు చూడండి. ఎస్‌డీఎస్ఎస్ జె1254+0846, రెడ్‌షిఫ్ట్ 0.44, రెండు క్వేజార్ల మధ్య 3.8 ఆర్క్‌సెకండ్లు, అంటే సుమారు 21 కిలోపార్సెక్‌లు, చుట్టూ గెలాక్సీలు ఒకదాన్నొకటి లాగడం వల్ల వచ్చిన తోకలు స్పష్టంగా ఉన్నాయి, పేపర్ 2010లో వచ్చింది. చంద్రలో ఇది హాయిగా విడిపోతుంది, ఎవరి ఫోటాన్లు ఎవరివో చెప్పడానికి కష్టమే లేదు. రెండోది ఎస్‌డీఎస్ఎస్ జె0749+2255, రెడ్‌షిఫ్ట్ 2.17, విశ్వం వయసు 300 కోట్ల ఏళ్ళ చిల్లర ఉన్నప్పటిది, 2023లో నేచర్‌లో వచ్చింది. ఇక్కడ దూరం 0.46 ఆర్క్‌సెకండ్. చంద్ర ఏసిస్ కెమెరా పిక్సెల్ 0.492 ఆర్క్‌సెకండ్, అంటే రెండు క్వేజార్ల మధ్య దూరం ఒక పిక్సెల్ అంత కూడా లేదు. దీన్ని మొదట అనుమానించింది ఎక్స్-రేలతో కాదు, గయా ఉపగ్రహంతో, రెండు క్వేజార్లూ ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్ళు మిణుకుతూ ఉంటే కలిపి చూసేవాడికి వెలుగు కేంద్రం అటూ ఇటూ కదిలినట్టు కనబడుతుంది, ఆ కదలికని పట్టుకుని తర్వాత హబుల్, జెమిని, కెక్, రేడియోలో వీఎల్ఏ, ఎక్స్-రేలో చంద్ర అన్నీ కలిపి తేల్చారు. దూరం కేసుల్లో ఎక్స్-రే ఒక్కటే సాక్ష్యం అయ్యే రోజులు చాలా తక్కువ అని దీన్ని చూస్తే అర్థమవుతుంది.

సరే, మీ చేతిలో ఒక కొత్త టార్గెట్ ఉంది, హార్డ్ బొమ్మలో, అంటే 2 నుంచి 7 కేఈవీ బొమ్మలో, చుక్క కాస్త సాగినట్టుంది, లేదా పక్కన చిన్న బుడిపె ఉంది. ఇప్పుడు బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఒక్కో అనుమానాన్నీ ఏరాలి.

మొట్టమొదట అద్దాల తప్పు. చంద్ర పీఎస్ఎఫ్‌లో, అంటే చుక్క పరుచుకునే తీరులో, ఒక కొక్కెం లాంటి వంకర ఉంది. అసలు చుక్క నుంచి సుమారు 0.8 ఆర్క్‌సెకండ్ దూరంలో, మొత్తం వెలుగులో 5 శాతం దాకా అక్కడ పోగవుతుంది, చూడ్డానికి అచ్చం మసక తోడు క్వేజార్ లాగే ఉంటుంది. మార్క్స్ అనే ప్రోగ్రాంతో ఎంత బాగా పీఎస్ఎఫ్ సిమ్యులేట్ చేసినా ఇది అందులో రాదు, కాబట్టి సిమ్యులేషన్‌తో పోల్చి తేడా కనబడింది కదా అని ఎగిరి గంతేయకూడదు. సీఐఏఓలో మేక్_పీఎస్ఎఫ్_అసిమెట్రీ_రీజియన్ అని ఒక టూల్ ఉంది, మీ అబ్జర్వేషన్‌లో ఆ కొక్కెం ఏ దిక్కున పడుతుందో గీసి చూపిస్తుంది. మీ బుడిపె సరిగ్గా అక్కడే ఉందా, అయితే ఆశ వదులుకోండి, కనీసం టెలిస్కోప్ వేరే కోణంలో తిరిగి ఉన్నప్పుడు తీసిన ఇంకో అబ్జర్వేషన్ దొరికేదాకా. కోణం మారితే కొక్కెం చోటు మారుతుంది, నిజం క్వేజార్ కదలదు.

అబ్జర్వేషన్లు ఒకటి కన్నా ఎక్కువుంటే కలిపే ముందు ఒకదానితో ఒకటి సరిపెట్టుకోవాలి. చంద్ర చెప్పే చోటుకీ అసలు చోటుకీ ఆర్క్‌సెకండ్‌కి కాస్త అటూ ఇటూగా తేడా ఉండొచ్చు, ఇలాంటి రెండు ఫైళ్ళు అలాగే అంటించేస్తే ఒకే క్వేజార్ రెండై కూర్చుంటుంది. ఫీల్డ్‌లో మిగతా సోర్సులని వేవ్‌డిటెక్ట్‌తో పట్టుకుని, డబ్ల్యూసీఎస్_మ్యాచ్, డబ్ల్యూసీఎస్_అప్‌డేట్ నడిపి సర్దుకోండి, వీలుంటే గయా స్థానాలకి కూడా కట్టేయండి. బ్యాక్‌గ్రౌండ్ ఫ్లేర్లు తీసేయడం గురించి అన్ని ట్యుటోరియల్సూ పేజీలు పేజీలు చెప్తాయి, మనం చూసేది ఒక ఆర్క్‌సెకండ్ వృత్తం కాబట్టి అందులో బ్యాక్‌గ్రౌండ్ మామూలుగా ఒక కౌంట్ (పట్టుకున్న ఒక ఫోటాన్) కన్నా బాగా తక్కువే, మరీ భయంకరమైన ఫ్లేర్ అయితే తప్ప దాని కోసం మంచి ఎక్స్‌పోజర్ కోసేసుకోవద్దు అనేది నా అభిప్రాయం. పైలప్, అంటే ఒకే 3.2 సెకన్ల ఫ్రేమ్‌లో రెండు ఫోటాన్లు ఒకే చోట పడి ఒకటిగా లెక్కలోకి రావడం, దూరం క్వేజార్లకి దాదాపు రాదు, దగ్గరవాటికి చూసుకోండి చాలు.

కౌంట్లు ఎన్ని, వాటితో ఏం చెప్పొచ్చు

దూరానికి పోయేకొద్దీ కౌంట్లు ఎంత తక్కువ అవుతాయో చూపించడానికి పీఎస్ఓ167-13 కన్నా మంచి ఉదాహరణ లేదు. రెడ్‌షిఫ్ట్ 6.515, పక్కనే ఇంకో గెలాక్సీ ఉంది, చంద్ర దాదాపు 16 గంటలు చూస్తే ఎక్కువ ఎనర్జీ ఉన్న ఫోటాన్లు వచ్చినవి 3. బ్యాక్‌గ్రౌండ్ అంత తక్కువ కాబట్టి 3 కూడా గట్టిదే అని, తక్కువ ఎనర్జీవి లేవు కాబట్టి మందంగా కప్పేసిన క్వేజార్ కావచ్చని 2019లో పేపర్ వచ్చింది, ఆ ఫోటాన్లు క్వేజార్‌వా పక్క గెలాక్సీవా అనేది కూడా అప్పుడు తేలలేదు. తర్వాత చంద్రతోనే ఇంకా ఎక్కువసేపు చూసి 2021లో ఇచ్చిన పేపర్ దాన్ని ఎక్స్-రేల్లో బలహీనమైన క్వేజార్ అని చెప్పింది. మొదటి టీమ్ ఏదో తప్పు చేసిందని కాదు, వాళ్ళు క్యాండిడేట్ అనే రాశారు, 3 కౌంట్ల బతుకే అంత. 3 వచ్చాయంటే అసలు సగటు ఒకటిన్నర నుంచి దాదాపు 6 దాకా ఏదైనా కావచ్చు, అదీ ఒక సిగ్మా (సుమారు 68 శాతం నమ్మకం) లెక్కలోనే. సున్నా వచ్చినా అది సమాచారమే, 95 శాతం నమ్మకంతో సగటు 3 లోపు అని రాసుకోవచ్చు.

కౌంట్లు పదుల్లో ఉంటే హార్డ్‌నెస్ రేషియో తీయండి, అంటే హార్డ్ కౌంట్లలోంచి సాఫ్ట్ (0.5 నుంచి 2 కేఈవీ) కౌంట్లు తీసేసి రెండింటి మొత్తంతో భాగించడం. మామూలు ఎర్రర్ ఫార్ములా వాడొద్దు, తక్కువ కౌంట్లకి అది పిచ్చి నంబర్లిస్తుంది, బీఈహెచ్ఆర్ అనే ప్రోగ్రాం బేసియన్ పద్ధతిలో సరిగ్గా ఇస్తుంది. ఇక్కడ చాలామంది పడే గుంట ఇంకోటి ఉంది. చంద్ర ఏసిస్ ఫిల్టర్ మీద ఏళ్ళ తరబడి ఒక పొర పేరుకుంటూ వచ్చింది, దానివల్ల తక్కువ ఎనర్జీ ఫోటాన్లు ఇప్పుడు చాలా తక్కువ పడతాయి. అదే క్వేజార్‌ని 2001లో చూసి, మళ్ళీ 2021లో చూస్తే క్వేజార్ ఏమీ మారకపోయినా రెండోసారి హార్డ్‌గా కనబడుతుంది. వేర్వేరు ఏళ్ళ హార్డ్‌నెస్‌లని నేరుగా పోల్చి కప్పు మందం పెరిగిందని రాసేయకండి, ఆ ఏటి రెస్పాన్స్ ఫైళ్ళు (టెలిస్కోప్ ఏ ఎనర్జీని ఎంత పట్టేదో చెప్పేవి) పెట్టి మోడల్ ద్వారానే పోల్చాలి.

రెండు చుక్కలూ కలిసిపోయి ఉంటే విడివిడి వృత్తాలు గీసి లాభం లేదు, ఒకదాని ఫోటాన్లు రెండోదాంట్లోకి పోతాయి. అప్పుడు షెర్పా అనే ఫిట్టింగ్ ప్రోగ్రాంలో రెండు డైమెన్షన్ల ఫిట్, లేదా బేమ్యాక్స్ అనే పద్ధతి, ఇది ప్రతి ఫోటాన్‌నీ తీసుకుని ఒక సోర్స్ అనుకుంటే ఎంత నమ్మొచ్చు, రెండు అనుకుంటే ఎంత అని పోలుస్తుంది. కంటికి రెండుగా కనబడినవి ఇందులో ఒకటిగా తేలడం మామూలే.

స్పెక్ట్రం

స్పెక్‌ఎక్స్‌ట్రాక్ట్‌తో స్పెక్ట్రం తీసి షెర్పాలోనో ఎక్స్‌స్పెక్‌లోనో పెట్టండి. మోడల్ సింపుల్‌గా మొదలెట్టండి, మన పాలపుంత గ్యాస్ వేసే అడ్డం ఒకటి, ఇది హెచ్ఐ4పీఐ మ్యాప్ నుంచి తీసి ఫిక్స్ చేసేయాలి, క్వేజార్ దగ్గరి అడ్డం ఒకటి, ఇది క్వేజార్ రెడ్‌షిఫ్ట్ దగ్గర పెట్టాలి, వెనకాల పవర్ లా, అంటే ఎనర్జీ పెరిగేకొద్దీ నున్నగా తగ్గిపోయే క్వేజార్ సొంత వెలుగు. కౌంట్లు వంద లోపుంటే పవర్ లా వాలుని 1.8 దగ్గర బిగించేసి అడ్డాన్ని మాత్రం వదలండి, రెండూ వదిలితే ఒకదాని తప్పుని రెండోది కప్పిపుచ్చుతూ పోతుంది. ఫిట్ చేసేది క్యాష్ స్టాటిస్టిక్‌తో, కై-స్క్వేర్‌తో కాదు, కౌంట్లని కట్టలు కట్టి కై-స్క్వేర్‌కి తిప్పడం ఇంకా కొందరు చేస్తున్నారు, దూరం క్వేజార్లకి అది పనికిరాదు.

ముందు చెప్తానన్న నష్టం ఇదే. రెడ్‌షిఫ్ట్ పెరిగితే కప్పు వల్ల తెగిపోయే భాగం తక్కువ ఎనర్జీలోకి జారి మన బ్యాండ్ నుంచే బయటికి పోతుంది. లెక్క సుమారుగా ఒకటి ప్లస్ రెడ్‌షిఫ్ట్‌ని 2.6 ఘాతానికి హెచ్చించడం. రెడ్‌షిఫ్ట్ 2 దగ్గర చదరపు సెంటీమీటర్‌కి 10²² హైడ్రోజన్ పరమాణువుల కప్పు మనకి దాదాపు 17 రెట్లు పలచగా, 6×10²⁰ లాగా అనిపిస్తుంది, అది మన పాలపుంత అడ్డం ఉండే రేంజే. పైగా ఇందాక చెప్పిన ఫిల్టర్ పొర. కాబట్టి దూరం క్వేజార్‌కి ఫిట్ 10²² ఇచ్చినా సున్నా ఇచ్చినా తేడా చెప్పలేం, 10²³ దాటితేనే నమ్మకంగా మాట్లాడండి. 1.5×10²⁴ దాటితే దాన్ని కాంప్టన్-థిక్ అంటారు, అప్పుడు పవర్ లా మోడల్ చాలదు, వెనక్కి కొట్టిన వెలుగునీ ఇనుము లైన్‌నీ కలిపే మోడల్ పెట్టాలి. ఆ లైన్ ఎక్కడ వెతకాలో ముందే లెక్క కట్టుకోండి, జె0749కి అయితే 6.4ని 3.17తో భాగిస్తే 2 కేఈవీ.

చివరికి లూమినాసిటీ, అంటే సెకనుకి బయటికి వచ్చే మొత్తం ఎనర్జీ. 2 నుంచి 10 కేఈవీ రెస్ట్ బ్యాండ్‌లో (అక్కడ బయల్దేరినప్పటి ఎనర్జీల్లో) సెకనుకి 10⁴² ఎర్గ్‌లు దాటితే బ్లాక్ హోల్ అని రాసేయడం ఒక అలవాటు, దగ్గర గెలాక్సీలకి అది సరిపోతుంది. దూరం మెర్జర్లకి జాగ్రత్త, ఏడాదికి వంద సూర్యుల బరువు నక్షత్రాలు పుట్టే గెలాక్సీ ఎక్స్-రే బైనరీలతోనే (తోడు నక్షత్రం నుంచి గ్యాస్ లాక్కునే చిన్న బ్లాక్ హోళ్ళు, న్యూట్రాన్ నక్షత్రాలు) 10⁴¹ దాటిపోతుంది, వెయ్యి అయితే ఆ 10⁴² గీత కూడా దాటేస్తుంది. ఇన్‌ఫ్రారెడ్ నుంచి నక్షత్రాల పుట్టుక రేటు తెచ్చుకుని ఆ వాటా తీసేశాక మిగిలిందే మీది. 10⁴⁴ దాటితే ఈ గొడవ లేదు, క్వేజారే.

క్వేజారే, కానీ రెండా? గ్రావిటేషనల్ లెన్స్ (మధ్యలోని గెలాక్సీ బరువు వెలుగుని వంచడం) అయితే ఒకే క్వేజార్ రెండు బొమ్మలుగా వస్తుంది. రెండింటి ఆప్టికల్ స్పెక్ట్రాలు అచ్చు గుద్దినట్టు ఉన్నాయా, మధ్యలో లెన్స్ చేసే గెలాక్సీ కనబడుతోందా, రెండింటి వెలుగు నిష్పత్తి ఎక్స్-రేలో ఒకటి, ఆప్టికల్‌లో ఒకటి, రేడియోలో ఇంకోటా చూడండి. నిష్పత్తి మారినంత మాత్రాన లెన్స్ కాదని కూడా అనలేం, మధ్యలోని నక్షత్రాలు ఒక బొమ్మని అదనంగా పెంచొచ్చు. గెలాక్సీల తోకలు, చెదిరిన ఆకారాలు హబుల్‌లో కనబడితే అదే అన్నిటికన్నా బలం. ఇంకో దొంగ జెట్, అంటే బ్లాక్ హోల్ దగ్గర్నుంచి దూసుకుపోయే ధార. రేడియోలో జెట్ ఉన్న క్వేజార్‌కి ఆ దిక్కునే ఎక్స్-రే బుడిపె ఉంటే అది జెట్ ముడి కావచ్చు, దూరం పెరిగేకొద్దీ విశ్వ మైక్రోవేవ్ వెలుగు ఎక్కువ సాంద్రంగా ఉంటుంది, దాన్ని జెట్ ఎలక్ట్రాన్లు ఎక్స్-రేలుగా ఎగదోస్తాయి, కాబట్టి వీఎల్ఏ మ్యాప్ పక్కన పెట్టుకోకుండా తోడు క్వేజార్ అని పేరు పెట్టొద్దు.

ఇన్ని దాటాక కూడా కౌంట్లు చాలక ఆగిపోయారా, అయితే కొత్తగా టైమ్ అడగాల్సిందే. చంద్రకి ఏటా ప్రపోజల్స్ పిలుస్తారు, ఏ దేశం వాళ్ళయినా వేయొచ్చు. పిమ్స్ అనే లెక్కల టూల్‌లో మీ ఫ్లక్స్ (మన దగ్గరికి చేరే వెలుగు), రెడ్‌షిఫ్ట్, కప్పు పెట్టి కౌంట్ రేట్ తీయండి, దాని నుంచి వెనక్కి లెక్కేసి, మసకగా ఉన్న రెండోదానికి కనీసం ఎన్ని కౌంట్లు కావాలో ఆ టైమ్ అడగండి, వెలుగ్గా ఉన్నదానికి కాదు. రోల్ యాంగిల్ (టెలిస్కోప్ తిరిగి ఉండే కోణం) పరిమితి కూడా పెట్టుకోండి, కొక్కెం పడే దిక్కు తోడు క్వేజార్ ఉన్న దిక్కు ఒకటి కాకుండా. పరిమితులున్న అబ్జర్వేషన్లకి షెడ్యూల్‌లో చోటు తక్కువ, అది ఎందుకు తప్పనిసరో ప్రపోజల్‌లో రెండు వాక్యాల్లో, పాత డేటా మీద కొక్కెం గీసిన బొమ్మ పక్కన పెట్టి చూపించండి.